పన్నెండు మెరిస్తే ఇంటికి పోవచ్చు

ఎల్లారెడ్డిలో నా షెడ్డు తాళంచెవులు ఇచ్చేసి మూడు నెలలైంది. ఇంట్లో కూర్చుంటే చేతులు ఊరుకోవడం లేదు. మొదటి వారం మిక్సీ విప్పాను. రెండో వారం కుట్టుమిషను. మూడో వారం పేచ్‌కస్, అంటే స్క్రూడ్రైవరు, పట్టుకుని ఫ్రిజ్జు వెనక కూర్చున్నానో లేదో, మా ఇంటామె ఒక నోటుపుస్తకం తెచ్చి ఒళ్లో పడేసింది. "ఇగ సాలు. నీకు తెల్సిందంత దీంట్ల రాయి. ఫ్రిజ్జును బతకనియ్యి" అంది. ఈ రాత అలా మొదలైంది. ఫ్రిజ్జు క్షేమంగా ఉంది.

నా పేరు నర్సింలు. పదో తరగతి తప్పి మెకానిక్‌నయ్యాను. నలభై ఏళ్లు బానెట్ల కింద తల పెట్టి బతికాను. ఎన్ని బండ్లు బాగుచేశానో, ఎవరు మెచ్చుకున్నారో రాయను. మెచ్చుకున్నవాళ్లు మళ్లీ రాలేదు, ఎందుకంటే వాళ్ల బండి బాగైపోయింది. తిట్టినవాళ్లే మళ్లీ మళ్లీ వచ్చారు, వాళ్ల దగ్గరే పని నేర్చుకున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఒక్క సంగతి మాత్రం చెప్పాలనుంది. మీటర్ల మధ్య వెలిగే పసుపు లైటును ఎలా చదవాలి, చదివాక ఏం చేయకూడదు. చేయకూడనివన్నీ నేను చేశాను కాబట్టి నాకు బాగా తెలుసు.

కారు కన్ను కొట్టిన రోజు

మేం పని నేర్చుకున్న కాలంలో కారు తన రోగం తాను చెప్పేది కాదు. తర్వాత కంప్యూటర్ డబ్బా ఉన్న బండ్లు వచ్చాయి. వాటికి ఇంజను బొమ్మతో ఒక పసుపు లైటు ఉంటుంది. అది వెలిగితే ఏదో తేడా ఉన్నట్టు. ఆ తేడా ఏమిటో పెద్ద ఊళ్లలో మిషను పెట్టి చూసేవాళ్లు. మాకు మిషను ఎక్కడిది? లైటు వెలిగిన బండి వస్తే ఓనరును చాయ్ తాగి రమ్మని పంపి, బ్యాటరీ వైరు పీకి మళ్లీ పెట్టేవాణ్ణి. లైటు ఆరిపోయేది. నేనే బాగుచేసినట్టు మీసం తిప్పేవాణ్ణి. రెండు రోజులకు ఆ ఓనరు మళ్లీ వచ్చేవాడు. ఈసారి చాయ్‌కి పోకుండా నా పక్కనే నిలబడేవాడు.

ఒకసారి సామాను కోసం కామారెడ్డి పోతే, స్పేర్ పార్ట్స్ దుకాణంలో ఒక పెద్దాయన నా బాధ విని ఒక జిరాక్స్ కాగితం చేతిలో పెట్టాడు. "కాయితాలకు పెట్టే యూ పిన్ను ఉన్నదా నీ తాన? ఉంటే మిషన్ అక్కర లేదు పో" అన్నాడు. తిరుగు బస్సులో ఎల్లారెడ్డి వచ్చేదాకా ఆ కాగితం చదువుతూనే ఉన్నాను. పదో తరగతిలో అంత శ్రద్ధగా చదివుంటే ఈ పుస్తకం ఇంకెవరో రాసేవాళ్లు.

పద్ధతి ఇది. అప్పటి బండ్లకు బానెట్ కిందో, స్టీరింగ్ కిందో మూత పెట్టిన చిన్న సాకెట్ ఒకటి ఉండేది. అందులో సరైన రెండు రంధ్రాలను యూ పిన్నుతో కలపాలి. తాళం తిప్పాలి, ఇంజను మాత్రం స్టార్ట్ చేయకూడదు. అప్పుడు పసుపు లైటు మెరవడం మొదలుపెడుతుంది. మూడుసార్లు మెరిసి, కాస్త ఆగి, ఒకసారి మెరిస్తే ముప్పై ఒకటి. ఏ నంబరు దేని గురించో కాగితంలో ఉంటుంది. ఒక్కసారి మెరిసి, ఆగి, రెండుసార్లు మెరిస్తే పన్నెండు. ఆ కాగితంలో పన్నెండు అంటే ఎక్కడా తప్పు లేదని అర్థం. బండి బండికీ నంబర్లు మారతాయి, నా నంబర్లు పట్టుకుని మీరు బయల్దేరకండి.

మొదటిసారి పిన్ను తప్పు రంధ్రాల్లో పెట్టాను. ఫ్యూజు టప్పున పోయి, రేడియో మూగబోయి, లోపలి దీపం ఆరిపోయింది. రెండోసారి సరిగ్గా పెట్టాను. లైటు మెరిసింది. ఆగింది. మళ్లీ మెరిసింది.  అన్నేళ్లు నేను మాట్లాడటమే కాని, ఒక బండి నాతో మాట్లాడటం అదే మొదలు. ఇక ఆగలేకపోయాను. షెడ్డులో ఉన్న బండ్లకు పెట్టి చూశాను. ఎదురుగా హోటలు ముందు ఎవరో ఆపిన కారుకు కూడా పెట్టాను. దాని ఓనరు, ఒక పెద్దమనిషి, చాయ్ గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఏం జేస్తున్నవురా నా బండిని?"

"మీ బండికి ఏం రోగం లేదు బాపూ!" అన్నాను సంబరంగా.

"ఉన్నదని నేనెప్పుడన్న అన్ననా?" అన్నాడు.

ఖాదర్ ఉస్తాద్ చెవి, ముక్కు, నిమ్మకాయ

నాకు పని నేర్పింది ఖాదర్ ఉస్తాద్. షెడ్డు మొదట ఆయనదే. కళ్లు మసకబారాక నాకు అప్పగించి, గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఏ బండి వచ్చినా ముందు ఆయన వినాలి. పొడుగు పేచ్‌కస్ మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకునేవాడు. పొగ వాసన చూసేవాడు. ఆయిలు వేలికి రాసుకుని నాలుకకు కూడా తగిలించేవాడు. ఇది మాత్రం మీరు చేయకండి, ఆయన కడుపు వేరే రేకుతో చేసింది.

నా యూ పిన్ను విద్య చూసి ఆయన పగలబడి నవ్వాడు. "అరే నర్సింలు, బండి కన్ను గొట్టిందని లగ్గం జేస్కుంటవా? ముందుగాల దాని ఖాందాన్, వంశం ఎసొంటిదో అర్సుకో" అన్నాడు. నాకు కోపమొచ్చింది. కొత్త విద్య నేర్చినవాడికి పాత గురువు మాట చేదుగానే ఉంటుంది. తర్వాత జరిగినదంతా ఆ మాట వినకపోవడం వల్లే జరిగింది.

ఆయనకు ఒక ఆచారం ఉండేది. మా షెడ్డులో ఇంజను పని చేయించుకుని బయటికి పోయే ప్రతి బండికీ ఒక నిమ్మకాయ కట్టాలి. బంపరుకు కట్టేది అందరూ కడతారు. ఉస్తాద్‌ది లోపలి నిమ్మకాయ. దబ్బనంతో కాయను అటు నుంచి ఇటు పొడిచి, కింద రెండు పచ్చిమిరపకాయలు గుచ్చి, ఉప్పూ పసుపూ రాసి, బానెట్ లోపల ఇంజను వెనక ఉండే రేకు గోడకు, ఒక మూల ఎవరికీ కనపడకుండా వేలాడదీసేవాడు. "బయటిది మందికి, లోపలిది బండికి" అనేవాడు. పొద్దున నమాజు చదివి వచ్చి నిమ్మకాయలు పొడుస్తుంటే ఎవరైనా నవ్వితే, "నిమ్మకాయకు మజబ్ ఉంటదా, మతముంటదా?" అని ఎదురడిగేవాడు. బయట కడితే నచ్చనివాళ్లు ఉంటారు కాబట్టి లోపల కట్టేవాడు. అడిగేవాడు కాదు, చెప్పేవాడూ కాదు.

ఆయన కళ్లు తగ్గాక ఆ పని నా చేతికొచ్చింది. బండి అప్పగించే ముందు ఎండిన కాయ తీసి తాజా కాయ కట్టడం, చివరి నట్టు బిగించి చేతులు తుడుచుకోవడం, రెండూ నాకు ఒకటే అయిపోయాయి. చేతులు చేసేవి, కళ్లు చూసేవి కావు.

సిస్టరమ్మ బండి

సుగుణమ్మ నాగిరెడ్డిపేట ఆసుపత్రిలో నర్సు. కాపురం ఎల్లారెడ్డిలో, మా వెనక వీధిలోనే. అందరికీ ఆమె సిస్టరమ్మ. పన్నెండేళ్లు బస్సులో తిరిగి, చివరికి ఎవరో వాడిన తెల్ల కారు ఒకటి కొనుక్కుని తానే నడపడం నేర్చుకుంది. ఆమె నేర్చుకున్న నెలంతా మా వీధిలో కోళ్లు అరుగులు దిగలేదు. తర్వాత చెయ్యి తిరిగింది, కోళ్లూ దిగాయి.

ఆమె భర్త ప్రభుదాస్ సార్ బడిపంతులు. ఆయనకు డ్రైవింగ్ రాదు, నేర్చుకునే ధైర్యం లేదు. పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకును తొక్కుతుండేవాడు. మంచివాడే, భయస్తుడు.

ఒకరోజు పోచారం దారిలో ఆ కారు రెండుసార్లు ఎగిరెగిరి పడి, పసుపు లైటు వెలిగించి, ఆగిపోయింది. సిస్టరమ్మ బండి అక్కడే వదిలి, అటుగా వచ్చిన ట్రాక్టరెక్కి డ్యూటీకి పోయింది. బండిని నేను తాడు కట్టి లాక్కొచ్చాను. సాయంత్రం ఇద్దరూ షెడ్డుకు వచ్చారు.

"ఒక్కతే, గా తొవ్వల, గిట్ల ఆగిపోతే ఎట్ల? బస్సుల పొయ్యిరా సుగుణా. పన్నెండేండ్లు పోలేదా?" అన్నాడు సార్.

"పోయిన. అందుకే చెప్తున్న" అంది ఆమె. ఆయన బయట ఫోను మాట్లాడుతుంటే నా వైపు తిరిగి చెప్పింది. "కాన్పయినంక పిల్ల ఏడుపు మంచిగ వినేదాంక ఆగాల్నని ఉంటదన్నా. ఆగితే బస్సు పోతది. పన్నెండేండ్లు పిల్లలను సగంల ఇడిసిపెట్టి బస్సెంబడి ఉరికిన. ఇప్పుడు ఆగుత, తల్లికి ధైర్యం చెప్త, నా టైముకు వస్త. గీ బండి పోతే గదంత పోతది. నువ్వు మంచిగ చెయ్యి."

నేను యూ పిన్ను తీశాను. ఆమెను చూడమని పక్కన నిలబెట్టి, గొప్పగా లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. ఇంజను ఎంత గాలి పీలుస్తోందో కంప్యూటరుకు చెప్పే అగ్గిపెట్టెంత సెన్సర్ డబ్బా ఒకటుంటుంది, దాని దగ్గర తేడా అని కాగితం చెప్పింది.

"ఇంతేనా?" అంది ఆమె.

"ఇంతే సిస్టరమ్మా! బండే చెప్తున్నది, ఇంకేం గావాలె?" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో మోగుతుంది.

మూడుసార్లు ఓడిపోయాను

కామారెడ్డి పోయి సెన్సర్ తెచ్చి మార్చాను. దాని వైరు కప్లర్‌లో, అంటే వైరును సెన్సర్‌కు తగిలించే ప్లగ్గులో, చిన్న రబ్బరు రింగు చిరిగి ఉంటే, పనికిరానిదని తీసి పారేశాను. లైటు ఆరింది. నిమ్మకాయ కట్టి పంపించాను. రెండు వారాలు బండి గుర్రంలా తిరిగింది. తర్వాత మళ్లీ ఎగిరింది, మళ్లీ ముప్పై ఒకటి.

ఈసారి వైర్లన్నీ చూశాను. కొత్త సెన్సర్ కూడా చెడిందేమోనని ఇంకోటి వేశాను. బండి తీసుకుపోతూ సిస్టరమ్మ ఆగింది.

"ఇంకో మాట అన్నా. బండిల పచ్చడి వాసనొస్తున్నది."

"మీ టిఫిన్ డబ్బా మూత ఊడిందేమో సూస్కోండ్రి" అన్నాను, తల ఎత్తకుండానే.

రెండున్నర వారాలకు మూడోసారి వచ్చింది. అలాంటిదే వేరే బండి కంప్యూటర్ డబ్బా తెచ్చి వేసి చూశాను. అన్నీ విప్పాను, అన్నీ బిగించాను. వాసన సంగతి ఆమె మళ్లీ ఎత్తింది. "గీసారి నేను టిఫిన్ డబ్బా బండిల పెట్టనేలేదన్నా" అంది. నేను ఒక సెంటు సీసా ఇచ్చి పంపించాను.

ఉస్తాద్ కుర్చీలో నుంచే అన్నాడు. "మూడు మాట్ల ఒక్కటే రోగమంటే, రోగం బండిది గాదు బేటా, వైద్యునిది."

నాకు పౌరుషం పొడుచుకొచ్చి ఆ రోజు ఆయనతో కలిసి చాయ్ తాగలేదు. ఇప్పుడు చెప్తున్నాను, నంబరు చూసి సామాను మార్చేవాడు మెకానిక్ కాదు. నంబరు ఎక్కడ నొప్పో చెప్తుంది. ఎందుకు నొప్పో మనం వెతకాలి. నేను మూడుసార్లు నొప్పి ఉన్న చోట కొత్త చర్మం అతికించాను, గుచ్చుతున్న ముల్లును తీయలేదు.

మూడోసారి బండి తీసుకునేటప్పుడే ప్రభుదాస్ సార్ తేల్చేశాడు. "నర్సింలూ, గిదే ఆఖరు. గా లైటు ఇంకొక్కసారి ఎలిగితే బండి అమ్ముడే." సిస్టరమ్మ బండి తాళం పిడికిట్లో గట్టిగా పట్టుకుంది.

ఏక్, దోన్, తీన్

లైటు వెలిగింది. పదహారో రోజున.

ఉస్తాద్ ఆ పొద్దున కళ్లు చూపించుకోవడానికి కామారెడ్డి పోయాడు. నేనొక్కణ్ణే ఉన్నాను. సిస్టరమ్మ, ప్రభుదాస్ సార్, వాళ్లతో తెల్లటోపీ పెట్టుకున్న ఒక పాటిల్ వచ్చారు. ఆయనది మహారాష్ట్ర అంచున ఉండే మద్నూర్. కారు కొనడానికే పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు. మాట సగం మరాఠీ, సగం తెలుగు, నవ్వు మాత్రం పూర్తిగా ఒకే భాష. బండిని చుట్టి చుట్టి చూసి, టైర్లను తన్ని, సీటు మీద ఎగిరి కూర్చుని, "మస్త్ ఆహే!" అన్నాడు. ఆయన సంతోషపడ్డ కొద్దీ సిస్టరమ్మ ముఖం చిన్నబోయింది.

"లైటు సంగతి దాయను. సూడుండ్రి" అని సార్ నన్ను పిన్ను పెట్టమన్నాడు. నిజాయితీపరుడు. పాటిల్ మీటర్ల మీదికి వంగి వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. "ఏక్... దోన్... తీన్." ఆగింది. "ఏక్."

"ముప్పై ఒకటి" అన్నాను నీరసంగా.

"మంచి నంబరే గదా?" అన్నాడు పాటిల్.

 సార్ కాగితాలు తీయడానికి సంచి జిప్పు లాగాడు. అప్పుడు సిస్టరమ్మ ముందుకొచ్చింది.

"ఆగుండ్రి. నర్సింలన్నా, జరమొచ్చినోల్లు మా తానికి వస్తే జరం ఎంతున్నదో సూస్తం, అయితే గంతటితోని ఊకోం. ఎప్పటికెల్లి వచ్చింది, అంతకుముందుగాల ఏం తిన్నవు, ఏడికి పోయినవు అని అడుగుతం. నువ్వు నా బండిని గది అడిగినవా? అడగకుంటె నేనే చెప్త, విను. నీ షెడ్డుకెల్లి తీస్కపోయిన మూడు దినాలకు పచ్చడి వాసన మొదలైతది. రెండు వారాలకు లైటు ఎలుగుతది. మూడు మాట్ల గిట్లనే అయ్యింది. నీ తానికి రాకముందుగాల వాసన లేదు."

"ముందుగాల లైటైతే ఎలిగింది గద సిస్టరమ్మా?"

"ఎలిగింది. అంతకు నెల ముందుగాల ఆయిలు మార్పిచ్చి, ఇంజను పని జేపిచ్చింది ఎవ్వరితోని?"

నాతోనే. అప్పుడూ బండి మా షెడ్డు నుంచే పోయింది.

నేను తల కారులో పెట్టి, ఆ యాభై రోజుల్లో మొదటిసారి, నిజంగా వాసన చూశాను. పాటిల్ కూడా రెండో కిటికీలోంచి ముక్కు పెట్టి గట్టిగా పీల్చాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. "లోణ్‌చం! లింబూ లోణ్‌చం!" అన్నాడు. నిమ్మకాయ పచ్చడి.

 పరుగెత్తి బానెట్ ఎత్తాను. ఇంజను వెనక రేకు గోడ మూలన నా నిమ్మకాయ, నేను కట్టినదే, సగం ఎండి వేలాడుతోంది. ఉప్పు, పసుపు, పచ్చిమిరప, నిమ్మకాయ, కింద నుంచి రోజూ ఇంజను వేడి. పచ్చడికి ఇంకేం తక్కువ? దబ్బనం పొడిచిన బెజ్జంలోంచి రసం కారి, చారకట్టి, కిందికి దిగింది. సరిగ్గా దాని కింద సెన్సర్ కప్లర్. తడి లోపలికి పోకుండా ఆపే రబ్బరు రింగును నేను తీసి పారేసిన కప్లర్. పీకి చూస్తే లోపలి పిన్నులు పచ్చటి బూజు పట్టినట్టున్నాయి. ఉప్పు రసం తిన్న రాగి. నేను పీకి పెట్టినప్పుడల్లా రాపిడికి కాస్త శుభ్రమై రెండు వారాలు నడిచేది. నేను మళ్లీ తాజా నిమ్మకాయ కట్టి పంపేవాణ్ణి. చంకలో పిల్లను పెట్టుకుని కామారెడ్డి దాకా వెతికొచ్చాను.

నాకు నవ్వు ఆగలేదు. బంపరు పట్టుకుని కూర్చుండిపోయాను. "నేనే కట్టిన! మూడు మాట్ల నేనే కట్టిన!" అంటుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. సిగ్గుతో వచ్చినవి కొన్ని, సంతోషంతో వచ్చినవి ఎక్కువ.

సిస్టరమ్మ దారం పట్టుకుని ఆ కాయను పైకెత్తింది. "యేసయ్యను నమ్ముకున్నదాన్ని. ఆదివారం ప్రార్థనకు గీ బండిలనే పోతున్న. నా బండిల గిదేందన్నా?" అంది. నేను రెండు చెవులూ పట్టుకున్నాను. అడగకుండా కట్టడం తప్పే. ఆమె కోపంగా చూడబోయింది, కాని వెనక నుంచి వింత చప్పుడు వినిపించింది. ప్రభుదాస్ సార్. మా షెడ్డులో ఏనాడూ పళ్లు చూపించని మనిషి, సంచి కడుపుకు హత్తుకుని నవ్వుతున్నాడు. "నెల దినాల కెల్లి నా టిఫిన్ డబ్బా మూడు మాట్ల కడిగిచ్చినవు సుగుణా!" అన్నాడు. ఇక అందరం నవ్వాం. పాటిల్‌కు సగమే అర్థమై, అందరికన్నా గట్టిగా నవ్వాడు.

కప్లర్ శుభ్రం చేయడానికి నేను పెట్రోలు గుడ్డ వెతుకుతుంటే, సిస్టరమ్మ తన సంచిలోంచి స్పిరిటు, దూది తీసింది. "జరుగు" అని, సూది మందు ఇచ్చే ముందు తుడిచినట్టు ఒక్కో పిన్నునూ తుడిచింది. పాత తుక్కు కప్లర్‌లోంచి ఒక మంచి రబ్బరు రింగు తీసి వేశాను. మొదటిరోజు పీకేసిన పాత సెన్సర్ డబ్బాలోనే పడి ఉంది. దాన్నే మళ్లీ బిగించాను. అది ఏనాడూ చెడలేదు. ఫ్యూజు తీసి పెట్టి కంప్యూటరు పాత జ్ఞాపకం తుడిచేసి, నలుగురం కారెక్కి పోచారం దాకా పోయొచ్చాం. సిస్టరమ్మ నడిపింది. పాటిల్ ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా వరిపొలాలను పొగుడుతూ వచ్చాడు. వెనక నా పక్కన సార్ కాళ్లు మాత్రం బ్రేకు తొక్కుతూనే ఉన్నాయి.

షెడ్డుకు వచ్చి పిన్ను పెట్టాను. 

"ఏక్" అన్నాడు పాటిల్. ఆగింది. "ఏక్... దోన్."

"పన్నెండు అంటే?" అంది సిస్టరమ్మ.

"ఏం లేదు సిస్టరమ్మా. ఎక్కడ తప్పు లేదు."

సార్ చాలాసేపు ఆ లైటును చూశాడు. "నెల దినాలు సూస్త" అన్నాడు. సంచి జిప్పు మూసేశాడు.

ఉస్తాద్‌కు చెప్పడం

అసలు భయం అప్పుడు మొదలైంది. ఆయన నలభై ఏళ్ల ఆచారం, నాకు అన్నం పెట్టిన మనిషి. సాయంత్రం ఆయన బస్సు దిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాక, ఎండిన నిమ్మకాయ ఒక చేతిలో, చూపించడానికని తుక్కులో వెతికి తీసిన, అలాగే పచ్చబారిన పాత కప్లర్ ఒకటి ఇంకో చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పాను.

ఆయన కాయను తడిమాడు. వాసన చూశాడు. నేను ఆపేలోపే నాలుకకు తగిలించాడు.

"ఉప్పు జర ఎక్కువైంది" అన్నాడు.

కాయను ఒళ్లో పెట్టుకున్నాడు. "ఎన్ని బండ్లకు గట్టినమో" అన్నాడు. ఆ గొంతు నాకు నచ్చలేదు.

"పాత బండ్లల్ల గా మూలకు ఏం లేకుండె ఉస్తాద్. ఉత్త రేకే. కొత్త బండ్లకు గాడ సెన్సర్ పెట్టిండ్రు. మనం సూసుకోలే."

"అంటే తప్పు నిమ్మకాయది గాదు" అన్నాడు ఆలోచిస్తూ. "జాగ మారింది."

"కట్టుడు బంద్ జేద్దమా?"

"బంద్ ఎందుకురా? రేపటికెల్లి గేటుకు కట్టు. షెడ్డుకెల్లి పొయ్యే ప్రతి బండి దాని కిందికెల్లే పోతది. ఎవ్వల బండిల ఏం బెట్టకుండ అందరికి అయితది." ఆ తర్వాత కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "గా పిన్ను ఇటు తే. నాక్కూడ సూపెట్టు."

షెడ్డులో ఉన్న ఇంకో బండికి పిన్ను పెట్టాను. ఆయన మసక కళ్లకు బండి లోపలి బొమ్మలు కనపడవు, పసుపు వెలుగు మాత్రం తెలుస్తుంది. ముఖం మీటర్లకు ఆనించి చూశాడు. "ఏక్... ఏక్, దో." మళ్లీ చూశాడు. చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. "అరె! అబద్ధమాడదా గిది?"

"ఆడదు ఉస్తాద్. సగమే చెప్తది."

"తక్కిన సగం?"

"సిస్టరమ్మ చెప్పింది" అన్నాను. ఆ రోజు షెడ్డులో మిగిలిన నిమ్మకాయలన్నీ షర్బత్ అయ్యాయి. మర్నాటి నుంచి వారం రోజులు స్కూటరు వేసుకుని ఎల్లారెడ్డి అంతా తిరిగి, కనపడ్డ బానెట్లన్నీ ఎత్తించి నా నిమ్మకాయలను నేనే కోసుకొచ్చాను. ఇంకో రెండు బండ్లలో పచ్చడి తయారవుతోంది.

చివరి లెక్క

నెల తిరిగింది. సిస్టరమ్మ, సార్ ఇద్దరూ వచ్చారు. సార్ బానెట్ వైపు చూపించాడు, ఎత్తాను. నిమ్మకాయ లేదు. పిన్ను పెట్టాను. పన్నెండు. "మల్ల ఒక్కమాటు" అన్నాడు. పన్నెండు. ఇంకోసారి అడగబోయి ఆగిపోయాడు. కాసేపు కారు మీద చెయ్యి వేసి నిలబడి, ఎవరికీ వినపడకూడదన్నట్టు భార్యతో అన్నాడు.

"నాక్కూడ నేర్పుతవా?"

"ముందుగాల పొయ్యి కోళ్లకు చెప్పి రా" అంది ఆమె. మద్నూర్ పాటిల్‌కు కారు దొరకలేదు కాని, ఆ వేసవిలో ఆమె పంపిన నిమ్మకాయ పచ్చడి సీసా ఒకటి దొరికింది.

ఇప్పుడు అందరి దగ్గరా స్కానర్లున్నాయి. ఫోనులోనే నంబరు కనపడుతుంది, దాని అర్థం కూడా రాసే ఉంటుంది. మంచిదే, ఫ్యూజులు మిగులుతాయి. కాని నంబరు చూశాక ఫోను జేబులో పెట్టి, బండి తెచ్చిన మనిషిని అడగండి. ఎప్పటి నుంచి, అంతకుముందు ఏం జరిగింది, ఏ వాసన, ఏ చప్పుడు. వాళ్లు రెండుసార్లు చెప్పిన మాట పనికిమాలినదిగా అనిపిస్తే, మూడోసారి దాన్నే ముందు చూడండి. ఆఖర్న మీరు రోజూ ఆలోచించకుండా చేసే పని ఏదో, దాన్ని కూడా అనుమానించండి.

ఉస్తాద్ పోయి చాలా ఏళ్లైంది. గేటు నిమ్మకాయ మాత్రం నేను ఉన్నన్నాళ్లూ మారుతూనే ఉంది. మూడు నెలల కింద, నేను తాళంచెవులు ఇచ్చే రోజు పొద్దున, ఆ తెల్ల కారు దాని కిందుగా లోపలికి వచ్చింది. రంగు వెలిసింది, రిజిస్ట్రేషను కాగితాలు రెండుసార్లు తిరగరాయించుకుంది, ఇంకా తిరుగుతోంది. నడిపేది సార్, పక్క సీట్లో సిస్టరమ్మ. ఆమె కాళ్లు లేని బ్రేకును తొక్కుతున్నాయి.

"రోగమేం లేదన్నా. ఉత్తగనే వచ్చిన. ఒక్కమాటు పిన్ను పెట్టు" అంది.

పెట్టాను. లైటు మెరిసింది. లెక్కపెడదామంటే కళ్లు నిండిపోయి, ఆ పసుపు వెలుగు అంతా అలుక్కుపోయింది. ఎన్నిసార్లు మెరిసిందో తెలియలేదు. నా తడబాటు ఆమె చూసింది. కిటికీలోంచి వంగి, తానే వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

"ఒకటి... ఒకటి, రెండు."

మళ్లీ అదే వచ్చేదాకా ఆగింది. తర్వాత ఆ యూ పిన్ను తీసి, తుడిచి, నా చొక్కా జేబుకు పెట్టింది.

"ఎక్కడ తప్పు లేదన్నా" అంది. "ఇగ ఇంటికి పో."